తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది

ప్రతి మార్చిలో ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ ఫెస్టివల్ అనే గుర్రప్పందేల వేడుక అయిపోయిన సాయంత్రానికి ఒక స్కోరు బయటికొస్తుంది. 2025లో అది 20–8. అంటే నాలుగు రోజుల్లో జరిగిన 28 రేసుల్లో ఐర్లాండ్ ట్రైనర్ల గుర్రాలు 20 గెలిచాయి, ఆతిథ్యమిచ్చిన బ్రిటన్ వాళ్లకి 8 మిగిలాయి. ఈ లెక్కకి 2014లో ప్రెస్ట్‌బరీ కప్ అని పేరు కూడా పెట్టారు. మొదటి రెండేళ్లూ బ్రిటన్ బొటాబొటిగా గెలిచింది, 2019లో 14–14తో సమం చేసింది, అంతే, అప్పటినుంచి 2025 దాకా మళ్లీ ఒక్కసారీ గెలవలేదు. 2021లోనైతే 23–5. స్టాండ్లలో ప్రేక్షకులు లేని కోవిడ్ ఏడాది కాబట్టి ఆ పరాభవం కళ్లారా చూసినవాళ్లు తక్కువ, అదొక్కటే బ్రిటన్‌కి ఊరట.

ఈ అంకెలు పట్టుకుని ఏటా అవే మాటలు. బ్రిటన్ జంప్ రేసింగ్ (గుర్రాలు అడ్డంకులు దూకే పందేలు) పని అయిపోయిందని ఒకళ్లు, ఐర్లాండ్ గుర్రాలే వేరు, గడ్డే వేరు అని ఇంకొకళ్లు. నాకు మాత్రం ఈ స్కోరుబోర్డు చూసినప్పుడల్లా అసలు సంగతి పక్కకి పోతోందనిపిస్తుంది.

2024 ఫెస్టివల్ తీసుకోండి. ట్రాక్ నీళ్లతో నిండిపోయి క్రాస్ కంట్రీ రేసు రద్దయింది కాబట్టి జరిగినవి 27. ఐర్లాండ్ 18, బ్రిటన్ 9. చూడ్డానికి చితక్కొట్టినట్టే ఉంది. ఇప్పుడు ఆ 18లోంచి విల్లీ మల్లిన్స్ అనే ఒక్క ట్రైనర్ గెలిచినవి తీసేయండి. ఆయనవి 9. మిగతా ఐర్లాండ్ అంతా కలిపి 9. బ్రిటన్ అంతా కలిపి 9. అంటే అది రెండు దేశాల పోటీ కాదు, మూడు జట్ల పోటీ, అందులో ఒక జట్టు కార్లో కౌంటీలో క్లోసటన్ అనే చోట ఉన్న ఒక్క గుర్రాల శాల, ఒక్క స్టేబుల్! 2022 ఇంకా విచిత్రం. స్కోరు 18–10, అందులో మల్లిన్స్‌వి 10. ఆయన్ని పక్కన పెడితే మిగతా ఐర్లాండ్ 8, బ్రిటన్ 10, అంటే బ్రిటనే ముందుంది. 2025లో మాత్రం ఆయన పది తీసేసినా మిగతా ఐర్లాండ్ 10–8తో గెలిచేది, కాబట్టి అంతా ఒక్కడి మహిమే అనడం కూడా తప్పే. మిగతా ఐరిష్ ట్రైనర్లలో గోర్డన్ ఎలియట్ ఉన్నాడు, గావిన్ క్రామ్‌వెల్ ఉన్నాడు, 2021లో ఒకే వారంలో ఫెస్టివల్ పెద్ద రేసులు చాంపియన్ హర్డిల్, చాంపియన్ చేజ్, గోల్డ్ కప్ మూడూ పట్టుకుపోయి నెల తిరక్కుండానే గ్రాండ్ నేషనల్ కూడా కొట్టిన హెన్రీ డి బ్రామ్‌హెడ్ ఉన్నాడు. ఆ నేషనల్ గెలిచిన మినెల్లా టైమ్స్ మీద ఉన్నది రేచల్ బ్లాక్‌మోర్, ఆ రేసు గెలిచిన మొదటి మహిళా జాకీ.

ఒకప్పుడు గాలి ఎదురువైపు వీచేది. 1989లో ఐర్లాండ్ చెల్టెన్‌హామ్‌కి వచ్చి ఒక్క రేసు కూడా గెలవకుండా ఇంటికెళ్లింది. సున్నా. ఆ రోజుల్లో ఐర్లాండ్‌లో మంచి పిల్లగుర్రం కనబడితే చాలు, ఇంగ్లండ్ నుంచి ఎవరో ఒకరొచ్చి కొనుక్కుపోయేవారు. ట్రైనర్‌కి గుర్రం ఉంచుకోవాలనే ఉంటుంది, కానీ ఓనర్‌కి డబ్బు అవసరం. తొంభైల్లో ఐర్లాండ్ ఆర్థికంగా లేచి నిలబడ్డాక అమ్మాల్సిన పని తప్పింది, పైగా జేపీ మెక్‌మానస్, రయన్ఎయిర్ విమానాల కంపెనీ మైకేల్ ఓలియరీ లాంటి డబ్బున్న ఓనర్లు సొంత దేశంలోనే గుర్రాల్ని పెట్టడం మొదలెట్టారు. ప్రభుత్వం నుంచి రేసింగ్‌కి ఏటా నిధి వస్తుంది. ఇక ఊళ్ల పొలాల్లో జరిగే పాయింట్-టు-పాయింట్ రేసులైతే అక్కడ పెద్ద వ్యాపారం. నాలుగేళ్ల గుర్రం ఒక ఆదివారం అలాంటి రేసు గెలిస్తే రోజుల వ్యవధిలోనే వేలంలో లక్షల పౌండ్లు పలకొచ్చు. ఇప్పటికీ బ్రిటన్ వాళ్లు అక్కడికే వెళ్లి కొంటారు, కాకపోతే ఇప్పుడు వేలంలో పక్క కుర్చీలో కూర్చుని చెయ్యెత్తేవాళ్లలో ఐరిష్ ట్రైనర్లూ ఉంటున్నారు.

అందుకే ‘ఐర్లాండ్ గుర్రం’, ‘బ్రిటన్ గుర్రం’ అనే మాటలే నాకు తమాషాగా ఉంటాయి. కప్ లెక్క ట్రైనర్ స్టేబుల్ ఎక్కడుందన్నదాన్ని బట్టే. బ్రిటన్ తరఫున వరుసగా మూడు గోల్డ్ కప్‌లు గెలిచిన బెస్ట్ మేట్ పుట్టింది ఐర్లాండ్‌లో. ఐర్లాండ్ తరఫున 2023, 2024 గెలిచిన గలోపాన్ దే షాన్ పుట్టింది ఫ్రాన్స్‌లో. బ్రిటన్ గుండెల్లో పెట్టుకున్న కౌటో స్టార్ కూడా ఫ్రెంచే. పుట్టుకను బట్టి లెక్కేస్తే ఫ్రాన్స్ కూడా ఒక కప్ అడుగుతుంది. ఇంకో మెలిక, డౌన్ రాయల్ ట్రాక్ ఉన్నది ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్‌లో, కానీ రేసింగ్‌లో అది ఐర్లాండ్ కిందకే వస్తుంది.

నా అసలు గొడవ ఇది కాదు. పోటీ అన్నాక రెండువైపులా రాకపోకలుండాలి. ఐర్లాండ్ వాళ్లు మార్చిలో చెల్టెన్‌హామ్‌కి, ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ జరిగే ఎయిన్‌ట్రీకి సముద్రం దాటొస్తారు. మరి ఫిబ్రవరి మొదట్లో లెపర్డ్స్‌టౌన్‌లో డబ్లిన్ రేసింగ్ ఫెస్టివల్ జరిగినప్పుడు బ్రిటన్ పెద్ద స్టేబుళ్ల నుంచి ఎన్ని గుర్రాలు వెళ్తున్నాయి? చాలా ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. రెండు రోజులు, ఎనిమిది గ్రేడ్ వన్ (అన్నిటికన్నా పై స్థాయి) రేసులు, ప్రైజ్ మనీ కూడా బాగుంటుంది. అయినా వెళ్లరు. చెల్టెన్‌హామ్‌కి ఆరు వారాల ముందు గుర్రాన్ని అంత గట్టి రేసులో, అంత ప్రయాణం చేయించి పెట్టడం ఎందుకని వాళ్ల వాదన. ఒక్కో ట్రైనర్‌ని తీసుకుంటే ఆ వాదనలో తప్పులేదు, కానీ అందరూ అదే అనుకుంటే ఏమవుతుందో కనిపిస్తూనే ఉంది.

ఈ డబ్లిన్ ఫెస్టివల్ పాతదేం కాదు. వేర్వేరు రోజుల్లో విడివిడిగా జరిగే పెద్ద రేసుల్ని 2018లో ఒక శని, ఆదివారాల్లోకి చేర్చారు. దాంతో మల్లిన్స్ గుర్రం, ఎలియట్ గుర్రం, డి బ్రామ్‌హెడ్ గుర్రం తప్పించుకునే దారి లేకుండా ఎదురెదురు పడతాయి. బ్రిటన్‌లో ట్రాకులు ఎక్కువ, రేసులూ ఎక్కువ, కాబట్టి మంచి గుర్రం ఉన్న ట్రైనర్ సీజనంతా ఇంకో మంచి గుర్రం మొహం చూడకుండా నలుగురైదుగురు బక్క ప్రత్యర్థుల మధ్య సులువుగా గెలిపించుకుంటూ మార్చి దాకా లాక్కురావచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఐర్లాండ్ వాళ్లకి ఇంట గెలవడమే కష్టం చేసిపెట్టారు, రచ్చ దానంతటదే వస్తోంది.

పాతకాలంలో బ్రిటన్ వాళ్లు కూడా దాటేవారు. 1989 అన్నాను కదా, ఐర్లాండ్‌కి సున్నా వచ్చిన ఆ ఏడాదే బురదలో గోల్డ్ కప్ గెలిచింది డెజర్ట్ ఆర్కిడ్, ఇంగ్లండ్ జనం పిచ్చెక్కిపోయే తెల్ల గుర్రం. మరుసటి ఏడాది దాన్ని ఐర్లాండ్‌లోని ఫెయిరీహౌస్‌కి తీసుకెళ్లారు, ఐరిష్ గ్రాండ్ నేషనల్‌కి. హ్యాండిక్యాప్ రేసు కాబట్టి అన్నిటికన్నా మంచి గుర్రానికి అన్నిటికన్నా ఎక్కువ బరువు, దీని మీద 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. చివరి ఫెన్స్ దగ్గర పెద్ద పొరపాటు చేసింది, జాకీ రిచర్డ్ డన్‌వుడీ ఎలాగో జీను మీద నిలబడగలిగాడు, ఆ తర్వాత కూడా అలవోకగా గెలిచేసింది. బయటి దేశం గుర్రం తమ జాతీయ రేసు ఎగరేసుకుపోయిందని ఐరిష్ జనం ముఖం మాడ్చుకోలేదు, సొంత గుర్రం గెలిచినట్టే ఊగిపోయారు. బెస్ట్ మేట్ కూడా 2003 క్రిస్మస్ రోజుల్లో లెపర్డ్స్‌టౌన్ వెళ్లి గెలిచొచ్చింది.

అంతకంటే వెనక్కి వెళ్తే ఆర్కిల్, మిల్ హౌస్. ఈ రెండు దేశాల పోటీ గురించి ఎవరు మాట్లాడినా అక్కడికే వస్తారు, నేనూ వచ్చాను. 1963 నవంబర్‌లో న్యూబరీలో హెనెసీ రేసు. ఇంగ్లండ్‌లో ఫుల్క్ వాల్విన్ దగ్గరుండే మిల్ హౌస్ అప్పటికే గోల్డ్ కప్ విజేత, ఏనుగంత గుర్రం. ఐర్లాండ్ నుంచి టామ్ డ్రీపర్ తెచ్చిన ఆర్కిల్ చివరి నుంచి మూడో ఫెన్స్ దూకి దిగేటప్పుడు కాలు జారింది, మూడో స్థానంతో సరిపెట్టుకుంది. ఇంగ్లండ్ వాళ్లు తేలిపోయిందన్నారు, ఐర్లాండ్ వాళ్లు జారకపోతే కథ వేరన్నారు, ఆ చలికాలమంతా ఇదే వాదన. 1964 మార్చిలో గోల్డ్ కప్‌కి వచ్చినవి నాలుగే గుర్రాలు, అందరి కళ్లూ రెండింటి మీదే. మిల్ హౌస్ ముందు పరిగెత్తింది, ఆర్కిల్ జాకీ పాట్ టాఫ్ తొందరపడకుండా వెనకే ఉండి, కొండ దిగాక పక్కకి తెచ్చి దాటించి అయిదు లెంగ్త్‌లతో (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం నిడివి) గెలిపించాడు. తర్వాత రెండేళ్లూ ఆర్కిల్‌దే, 20 లెంగ్త్‌లు ఒకసారి, 30 ఒకసారి. చివరికి గుర్రాలకి బరువులు నిర్ణయించే ఐర్లాండ్ హ్యాండిక్యాపర్లు ఆర్కిల్ పరిగెత్తితే ఒక బరువుల జాబితా, పరిగెత్తకపోతే ఇంకో జాబితా అని రెండు తయారు చేయాల్సొచ్చింది!

ఆ కథ అంతలా నిలబడిపోవడానికి కారణం గుర్రం గొప్పదనం ఒక్కటే కాదు. న్యూబరీలో ఓడింది, చెల్టెన్‌హామ్‌లో గెలిచింది, మళ్లీ మళ్లీ తలపడ్డాయి. ఇప్పుడు బ్రిటన్ చాంపియన్, ఐర్లాండ్ చాంపియన్ ఏడాదికి ఒక్కసారి మార్చిలో కలుస్తాయి, అదీ రెండూ ఆరోగ్యంగా ఉంటే. 2025 చాంపియన్ హర్డిల్ గుర్తుందా? నికీ హెండర్సన్ గుర్రం కాన్‌స్టిట్యూషన్ హిల్ పడిపోయింది, గెలుపు ఖాయమనుకున్న మల్లిన్స్ గుర్రం స్టేట్ మ్యాన్ చివరి హర్డిల్ దగ్గర పడిపోయింది, ఎవరూ పట్టించుకోని గోల్డెన్ ఏస్ గెలిచింది. ఏడాదంతా ఎదురుచూసిన లెక్క తేలనే లేదు. హెండర్సన్‌ని ఇక్కడ మెచ్చుకోవాలి, కాన్‌స్టిట్యూషన్ హిల్‌ని ఐర్లాండ్‌లోని పంచెస్‌టౌన్ ఫెస్టివల్‌కి పంపాడు. అక్కడ స్టేట్ మ్యాన్ గెలిచింది, కాన్‌స్టిట్యూషన్ హిల్‌కి అయిదో స్థానం. ఫలితం బాలేదు, సరే, కానీ వెళ్లాడు.

ఏప్రిల్‌లో వేల్స్ ట్రైనర్ రెబెకా కర్టిస్ ఇంకా బాగా చేసింది. చెల్టెన్‌హామ్‌లో గెలిచిన హైతీ కులర్‌ని ఫెయిరీహౌస్‌కి తీసుకెళ్లి ఐరిష్ గ్రాండ్ నేషనల్ పట్టుకొచ్చింది. పెద్ద స్టేబుల్ కాదు, వందల గుర్రాల్లేవు, మంచి గుర్రం ఉంది, ధైర్యం చేసింది. దాని గురించి 20–8 గురించి మాట్లాడినంతలో పదో వంతు కూడా ఎవరూ మాట్లాడలేదు, ఎందుకంటే అది ఏ కప్ లెక్కలోకీ రాదు.

ఇంకోపక్క సీజన్‌లో ఎక్కువ ప్రైజ్ మనీ గెలిచినవాళ్లకిచ్చే బ్రిటన్ ట్రైనర్ల టైటిల్ కూడా మల్లిన్స్ తీసుకుపోయాడు. 2023–24లో, మళ్లీ 2024–25లో. అంతకుముందు ఐర్లాండ్‌లో ఉంటూ అది గెలిచింది 1953–54లో విన్సెంట్ ఓబ్రయన్. రెండోసారైతే బ్రిటన్ ట్రైనర్ డాన్ స్కెల్టన్ సీజన్ అంతా ముందున్నాడు. ఎయిన్‌ట్రీలో నిక్ రాకెట్‌తో మొదలుపెట్టి గ్రాండ్ నేషనల్ మొదటి మూడు స్థానాలూ మల్లిన్స్ గుర్రాలకే వచ్చేసరికి లెక్కలు తారుమారయ్యాయి, ఆఖరి రోజు శాండౌన్‌లో గానీ తేలలేదు. స్కెల్టన్ మీద జాలేసింది. కానీ ఆ ఏప్రిల్ టెన్షన్ ప్రెస్ట్‌బరీ కప్ పదేళ్లలో ఎప్పుడూ ఇవ్వలేదు, ఒప్పుకోవాలి.

చెల్టెన్‌హామ్ వాళ్లకి ఇంకో తలనొప్పి కూడా ఉంది. 2022లో నాలుగు రోజులకి కలిపి 2 లక్షల 80 వేల మంది వచ్చారు, 2025కి అది 2 లక్షల 19 వేల లోపుకి పడిపోయింది. బస ఖర్చు, బీరు ధర, టికెట్ ధర అన్నీ కారణాలే. ఒక్కో రేసులో ఒకే స్టేబుల్ గుర్రాలు నాలుగైదు కనిపించడం కూడా ఒక కారణమని నా అనుమానం.

నన్నడిగితే ప్రెస్ట్‌బరీ కప్‌ని మార్చికి పరిమితం చేయకూడదు. లెపర్డ్స్‌టౌన్, చెల్టెన్‌హామ్, ఎయిన్‌ట్రీ, ఫెయిరీహౌస్, పంచెస్‌టౌన్ అన్నీ కలిపి లెక్కేయాలి, అవతలి గడ్డ మీద గెలిచిన రేసుకి రెండు పాయింట్లివ్వాలి. మొదటి రెండు మూడేళ్లు బ్రిటన్ ఇంకా ఘోరంగా ఓడిపోతుంది, అందులో నాకే సందేహమూ లేదు. కానీ ఫిబ్రవరిలో డబ్లిన్ వెళ్లే ఫెర్రీలో ఇంగ్లండ్ గుర్రాల వ్యాన్లు ఓ డజనైనా ఎక్కుతాయి.