457 రాస్తే 228.5 చేతిలో పెట్టారు: పిల్లవాడి యాంటీబయాటిక్ సిరప్‌తో నా అనుభవం

మా చిన్నవాడి చెవిపోటు తగ్గింది, మందు కోర్సు నిన్న రాత్రితో ముగిసింది. మందుల షాపతని మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గేలోపే రాసేస్తున్నాను.

వాడికి మూడున్నరేళ్లు, బరువు 14 కిలోలు. జలుబుతో మొదలై జ్వరం పట్టుకుంది, ఆపైన చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. పిల్లల డాక్టరుగారు చెవిలో లైటు వేసి చూసి, కర్ణభేరి ఎర్రగా ఉబ్బిందని, దాని వెనక చీము పట్టిందని చెప్పారు. మామూలు జలుబుకు ఆయన యాంటీబయాటిక్ రాయరు. అది వైరస్‌తో వచ్చేది, ఈ మందుకు లొంగదు అంటారు. అందుకే ఆయన రాశారంటే నాకు నమ్మకం. అమాక్సిసిలిన్, క్లావులనిక్ యాసిడ్ కలిసిన డ్రై సిరప్ (నీళ్లు కలుపుకునే పొడి మందు), 457 అన్నది, అంటే 5 ఎం.ఎల్.లో రెండూ కలిపి 457 మిల్లీగ్రాములు ఉండే రకం, పూటకు 4 ఎం.ఎల్. చొప్పున రోజుకు రెండు పూటలు, 7 రోజులు. రెండు సీసాలు. చీటీ మీద పిల్లవాడి బరువు కూడా వేశారు. ఇంతవరకు సాఫీగా జరిగింది.

ఆస్పత్రికి ఎదురుగా ఉన్న మందుల షాపులో అతను చీటీ చూసీ చూడనట్టు చూసి రెండు డబ్బాలు కవర్లో వేశాడు. డబ్బా మీద 228.5 అని ఉంది. "డాక్టరుగారు 457 రాశారండీ" అన్నాను.

"అదే మందమ్మా. చిన్నపిల్లాడికి తక్కువ పవరే మంచిది. అదే 4 వేయండి."

నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. నిష్పత్తి, అనుపాతం నాకు నిద్రలో అడిగినా వచ్చే పాఠం. డబ్బా తిప్పి చూశాను. ఈ సిరప్ 5 ఎం.ఎల్.లో అమాక్సిసిలిన్ 200 మిల్లీగ్రాములు, క్లావులనిక్ యాసిడ్ 28.5. డాక్టరుగారు రాసిన దాంట్లో అదే 5 ఎం.ఎల్.కి 400, 57. అంటే ఇతను చెప్పినట్టు 4 పోస్తే పిల్లవాడికి సగం మందే అందుతుంది. యాంటీబయాటిక్ సగం వేస్తే రోగం నెమ్మదిగా తగ్గుతుందనుకోవడం పొరపాటు. అసలు తగ్గకపోవచ్చు, పైగా మిగిలిన బ్యాక్టీరియా ఆ మందుకు తట్టుకోవడం నేర్చుకుంటుంది. అదే మాట మర్యాదగానే చెప్పాను.

అతను నా వైపు చూడలేదు. నా వెనక ఉన్నవాళ్ల వైపు చూసి, "మేడంగారు డాక్టరు చదివారండీ" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఒక పెద్దమనిషి "ఇచ్చింది తీసుకుని జరగమ్మా, మాకూ పనులున్నాయి" అన్నాడు. చంకలో జ్వరంతో పిల్లవాడు, భుజానికి సంచి, చేతిలో ఫోను. ఆస్పత్రికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ నిమిషంలో నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు అతనిది, తల దించుకోవలసి వచ్చింది నాకు.

అప్పుడతను దయతలచినట్టు, "సరే, 8 వేయండి, సరిపోతుంది" అన్నాడు. లెక్క ప్రకారం సరిపోతుంది, కాదనను. కానీ పూటకు 8 అంటే 7 రోజులకు 112 ఎం.ఎల్., సీసా 30 ఎం.ఎల్. కాబట్టి నాలుగు సీసాలు. నోట్లో 4 పోయడానికే ఇద్దరం పట్టుకోవాల్సిన పిల్లవాడికి 8 ఎవరు పోస్తారు? ఒక్క క్షణం ముందు 4 చాలన్న మనిషి ఇప్పుడు 8 అంటున్నాడు. లెక్క తెలియని తల్లి అయితే మొదటి మాటే పట్టుకుని ఇంటికి వెళ్లేది.

తల ఎత్తి చూస్తే గోడ మీద అద్దం ఫ్రేములో ఫార్మసిస్టు సర్టిఫికెట్ కనిపించింది. రంగు వెలిసిన ఫోటోలో నూనె రాసి పాపిట తీసిన ఒక ముసలాయన. కౌంటర్లో ఉన్నది జీన్సు ప్యాంటు కుర్రవాడు. "ఆ ఫోటోలో ఆయన ఉన్నారా?" అని అడిగాను. షాపులో నవ్వు ఆగిపోయింది. అతను జవాబు చెప్పకుండా వెనక్కి తిరిగి డబ్బాలు సర్దుకున్నాడు. షెడ్యూల్ హెచ్ మందును, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందును, చీటీలో రాసిన దానికి బదులు మరో రకంగా ఇవ్వకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది. డబ్బా మీద నిలువుగా ఎర్ర గీత వేసేది కూడా ఇష్టం వచ్చినట్టు వాడవద్దని గుర్తు చేయడానికే. గోడకు సర్టిఫికెట్ తగిలిస్తే అన్నీ తీరిపోతాయా?

కవరు అక్కడే వదిలేసి సందు చివరి షాపుకు వెళ్లాను. అక్కడి అమ్మాయి నిజమైన ఫార్మసిస్టు. 457 తీసిచ్చి, సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి, 4 గీత దగ్గర పెన్నుతో చుట్టు గీసింది. "ఇంట్లో చెంచా వాడకండి అక్కా, ఒక్కో చెంచా ఒక్కో కొలత" అంది. నా లెక్క విని మెచ్చుకుని, ఒక జాగ్రత్త కూడా చెప్పింది. ఇదే మందులో 600 అమాక్సిసిలిన్‌కు 42.9 క్లావులనిక్ యాసిడ్ పాళ్లలో ఉండే రకం ఒకటి ఉందట, దానికి రెట్టింపు, సగం లెక్కలు పనికిరావు. కాబట్టి నాలాగా లెక్కలు వచ్చినా మోతాదు మీరే మార్చుకోకండి, రాసిన రకమే అడిగి తీసుకోండి.

పొడి కలపడం మా అత్తయ్యగారికి అప్పగిద్దామనుకుని మానేశాను, ఆవిడ వేడినీళ్లే పోసేస్తారు. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లే పోయాలి. ముందు సీసాను తట్టి పొడి వదులు చేసి, సగం నీళ్లు పోసి బాగా కుదపాలి. చిలికిన మజ్జిగలా నురగ లేస్తుంది. ఆ నురగ సీసా మీది గీత దాకా వచ్చింది కదా అని ఆపితే నీళ్లు తక్కువై మందు చిక్కబడుతుంది. నురగ అణిగాక చూసి, మందు గీతకు చేరేదాకా మళ్లీ పోయాలి. కలిపిన తేదీ సీసా మీద రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి. కలిపాక 7 రోజులే పనిచేస్తుంది, అందుకే రెండో సీసాను మొదటిది అయ్యేదాకా పొడిగానే ఉంచాను. ప్రతి పూటా పోసే ముందు కుదపాలి.

అన్నం మొదలుపెట్టేటప్పుడు, సిరంజిని బుగ్గ పక్కకు పెట్టి కొద్దికొద్దిగా వదిలితే ఉమ్మలేదు. మధ్యలో కాస్త విరేచనాలయ్యాయి. ఈ మందుకు అది మామూలేనని, నీళ్లు బాగా తాగించి, ఎక్కువైనా రక్తం కనిపించినా తీసుకురమ్మని డాక్టరుగారు ముందే చెప్పారు. పెరుగన్నంతో, ఓఆర్ఎస్‌తో సర్దుకుంది. జ్వరం తగ్గగానే "ఇక ఆపేయరాదా" అని ఇంట్లో అందరూ అన్నారు. రాసిన చివరి పూట దాకా వేశాను.

సీసా అడుగున ఒక పూట మందు మిగిలింది. మా ఆడపడుచు వాళ్ల అమ్మాయికి దగ్గుగా ఉందని, "పారబోయకు వదినా, మాకు ఇవ్వు" అని ఫోను చేసింది. ఇవ్వలేదు. నాకు గర్వమని మా వారితో అందట. అననివ్వండి.