పెరటాసి శనివారం, పిడికెడు చక్కెర పొంగలి

2025 అక్టోబర్ 11, తిరుపతి

వెంకన్నకు ఇష్టమైన తమిళ నెల పెరటాసిలో ఆఖరి శనివారం. నెలలో రెండో శనివారం కూడా కాబట్టి ఆఫీసుకు సెలవు. అమ్మ తెల్లారకముందే లేచి స్వామికి పెట్టే నైవేద్యం, అదే తళిగ, పనిలో పడింది. నేను యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడిచి వచ్చేసరికి వీధి మొదటికే పులిహోర తాలింపు వాసన వస్తోంది. చక్కెర పొంగలి, వడలు, పెరుగన్నం, అలసంద గుగ్గిళ్ళు, బియ్యప్పిండి దీపాలు. రెండేళ్ల కిందట ఇలాంటి రోజంటేనే నాకు టెన్షన్.

2023 జూన్‌లో హెచ్‌బీఏ1సీ అనే షుగర్ రక్తపరీక్షలో 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు మెట్టు అన్నాడు డాక్టర్. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. షుగర్ వల్లే నాయన కాలి వేలు తీశారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

భయంతో అన్నం పూర్తిగా మానేశాను. నలభై ఐదు రోజుల్లో ఆరు కిలోలు తగ్గాను. ఆఫీసులో అందరూ అడిగేవాళ్లు, నేనూ గొప్పగా చెప్పేవాణ్ణి. ఇంట్లో మాత్రం మా ఆవిడ పొద్దున్నే పిల్లలకొకటి, అమ్మకొకటి, నాకొకటి వండి బాక్సులు కట్టేది. తనకేం మిగిలిందో నేను ఒక్కరోజు కూడా అడగలేదు. చిత్తూరులో ఒక పెళ్లికి పోయినప్పుడు ఆకు ముందు కూర్చున్నాను, అంతే, డైట్ అక్కడే తెగిపోయింది. ఆరు కిలోలూ వచ్చాయి, తోడు ఇంకొకటి తెచ్చుకున్నాయి.

తర్వాత రాగి సంగటి మీద పడ్డాను. మన సీమ తిండి, మన పెద్దోళ్ల తిండి అని రెండు పూటలా రెండేసి ముద్దలు. తిన్న రెండు గంటలకు వేలు గుచ్చి చూస్తే 192! మిషనే తప్పు చూపిస్తోందని కొత్త స్ట్రిప్పుల డబ్బా కొన్నాను. అదీ ఇంచుమించు అదే చెప్పింది.

ఆ రిపోర్టులు పట్టుకొని పోతే డైటీషియన్ అమ్మాయి అడిగింది: "ముద్ద ఎంత ఉంటుంది సార్?" రెండు చేతులూ కలిపి చూపించాను. నవ్వు ఆపుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగింది. రాగులు మంచివే, వంద గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, పీచూ ఉంటుంది. కానీ మెత్తగా పట్టించిన పిండిని నూకలతో కలిపి అంతంత తింటే షుగర్ పెరగక ఏమవుతుంది అంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల కాగితం చూపించింది. రోజు మొత్తం తిండి ఇచ్చే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదట. మా కంచంలో ముప్పాతిక భాగం ధాన్యమే. పైన పప్పు ఉందంటే ఉంది.

అప్పటినుంచి ఇంట్లో కొత్త వంటేమీ రాలేదు. గిన్నెల సైజులు మారాయి, అంతే. పులగూర కుండెడు, సంగటి చిన్న తపేలాడు. పప్పుగుత్తితో ఎనిపిన ఆ ఆకుకూర ముందు కంచంలో పడుతుంది, ఆ తర్వాతే ముద్ద. అది నారింజకాయంత. సంగటిలో నూకలు సగం చేశాం. అమ్మకు అది ఇప్పటికీ నచ్చదు. "నూకల్లేకుండా కన్నడమోళ్ల ముద్ద మాదిరి ఏందిరా ఇది" అంటుంది. కానీ అందరం ఒకే కుండలోది తింటాం. "ఈ డైట్ బాగుంది, నాకు పని పెరగలా" అంది మా ఆవిడ. ఏడాదిన్నరగా ఇది నిలబడిందంటే అసలు కారణం ఆ మాటే అని నా నమ్మకం. నా పట్టుదల సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం గోవిందలు కొట్టి తళిగ దించాం. గుగ్గిళ్ళు రెండు గరిటెలు, పులిహోర ఒక గరిటె, వడ ఒకటి, పిడికెడు చక్కెర పొంగలి పెట్టుకున్నాను.

"స్వామి ప్రసాదానికి కొలతలేందిరా?"

"కొలత కాదుమా, రాత్రికి కొంచెం దాచుకుంటున్నా."

అబద్ధమే. అమ్మకూ తెలుసు. నెయ్యి కారుతున్న ఇంకో చెంచా వేసి పోయింది. తినేశాను. పారేయలేం కదా, అది పొంగలి, పైగా అమ్మ చేతిది.

రెండు గంటల తర్వాత 171. మునుపైతే ఆ అంకె చూసి రాత్రి పస్తుండి, మర్నాడు రెండింతలు తినేవాణ్ణి. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు, హెచ్‌బీఏ1సీ చెప్పేది రెండు మూడు నెలల లెక్క అని తెలిశాక ఒక్క శనివారానికి భయపడటం మానేశాను. పోయిన నెల 5.8 వచ్చింది. ఇంకా గీత దాటి కిందికి రాలేదు. సాయంత్రం పిల్లాడితో కపిలతీర్థం దాకా నడిచి వచ్చాను.

రాత్రికి మామూలే. పులగూర, నారింజకాయంత సంగటి, మజ్జిగ. పెరటాసి పోవడానికి ఇంకో వారం ఉంది, అందాకా ఇంట్లో మాంసం ముట్టం. నాటుకోడి ఎప్పుడు తెస్తావని అమ్మ అప్పుడే అడిగింది.