ఉప్పుగాలి తిన్నట్టు కనిపించే రంగు: ఇంట్లోనే కలిపి వేసిన నా అనుభవం

సముద్రం ఒడ్డున ఏళ్ల తరబడి నిలిచిన తలుపునో, పడవ పలకనో దగ్గరికెళ్లి చూస్తే రంగు అంతటా ఒకేలా పోయి ఉండదు. అంచుల్లో పోతుంది, చెక్కను అడ్డంగా కోసిన చివర్లలో పోతుంది, మేకుల చుట్టూ పోతుంది. చెయ్యి పడే చోట నున్నగా అరుగుతుంది. నీడ పట్టున ఉన్న భాగంలో మాత్రం పాత రంగు చాలావరకు అలాగే ఉంటుంది. ఓ పాత సొరుగుల బల్లకు ఈ రూపం తేవాలని కూర్చున్నప్పుడు నా ధ్యాసంతా రంగు కలపడం మీదే. అది కూడా పనే, కాదనను. కానీ ఆ చెక్క మీద ఎండ ఎటు నుంచి పడి ఉంటుంది, నీళ్లు ఎక్కడ నిలిచి ఉంటాయి అన్న ఊహ లేకపోతే ఎంత బాగా కలిపినా గోడకు కొట్టిన గరుకు రంగులాగే ఉంటుంది.

ఉప్పునీటి తుంపర చెక్కలోని సన్న రంధ్రాల్లోకి దిగుతుంది. నీరు ఆరిపోయాక ఉప్పు అక్కడే స్ఫటికం కడుతుంది. తడిసి ఆరిన ప్రతిసారీ ఆ స్ఫటికాలు పెరుగుతూ పై పొరను లోపలి నుంచి నెడతాయి, రంగు పెచ్చులుగా లేస్తుంది. ఇంకోవైపు ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగును పట్టి ఉంచే జిగురును విరగ్గొడతాయి. పాత తలుపు మీద వేలు పెట్టి రుద్దితే తెల్లటి పొడి అంటుకునేది అందుకే. రంగు పోయిన చోట ఆ కిరణాలే చెక్క పీచులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం పని పడతాయి, వాన దాన్ని కడిగేస్తుంది, బూడిద రంగు పీచు మిగులుతుంది. ఇదంతా చాలా నెమ్మదిగా సాగే వ్యవహారం. పైన్ లాంటి మెత్తటి కలప ఆరుబయట ఉంటే వందేళ్లకు అరిగేది సుమారు 6 మిల్లీమీటర్లు. ఆ అంకె తెలిశాకే, అంగుళం మందాన ముద్దలు పెట్టే కొన్ని పద్ధతుల మీద నాకు మోజు పోయింది.

ఇక కలపడం. గరుకు రావాలంటే ఎమల్షన్‌లో, అంటే నీళ్లతో కలిపే గోడ రంగులో, ఏదో ఒక పొడి కలపాలి. ఆ పొడి పెరిగే కొద్దీ మెరుపు తగ్గుతుంది. రంగులోని జిగురు ప్రతి రేణువునూ చుట్టుకుని మధ్యలోని ఖాళీలను నింపగలిగినంత వరకు పొర నున్నగా ఉంటుంది. పొడి ఒక హద్దు దాటితే జిగురు చాలదు. గాలి ఖాళీలు మిగులుతాయి, వెలుతురు వాటిలో చెదిరి పొర సుద్దలా కనిపిస్తుంది. మనకు కావలసిన రూపం సరిగ్గా అదే. చిక్కేమిటంటే ఆ హద్దు దాటాక పొర బలం కూడా తగ్గుతుంది. గోరు తగిలినా రాలుతుంది. కాబట్టి ఏ పొడి, ఎంత అన్నది బల్ల మీద కాకుండా పనికిరాని ప్లైవుడ్ ముక్కల మీద తేల్చుకున్నాను.

వంటసోడా కలిపితే చేతికి భలే సుఖంగా ఉంటుంది. కలిపీ కలపగానే రంగు చిక్కబడి నురగలా లేస్తుంది, బ్రష్‌తో అద్దితే చక్కటి గరుకు వస్తుంది. ఆరాక తడిగుడ్డతో తుడిచి చూస్తే మాత్రం గుడ్డ తెల్లబడింది, ముక్క మళ్లీ ఆరాక పైన సన్నటి తెల్ల పొడి తేలింది. సోడా నీళ్లలో కరిగే పదార్థం, ఆ గుణం రంగులో కలిసినా పోదు. ఎప్పుడూ తడి తగలని ఫొటో ఫ్రేముకైతే సరే, రోజూ తుడిచే బల్లకు పనికిరాదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గట్టిది, కానీ దాంతో టెన్షన్. నీళ్లు తగిలిన క్షణం నుంచే అది జిప్సంగా మారడం మొదలవుతుంది, రంగులో ఉన్నా సరే. కాసేపటికి గిన్నెలో బ్రష్ తిప్పుతుంటే అడుగున ఇసుక పలుకులు తగిలినట్టు అనిపిస్తుంది, ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా అది రంగు అనిపించుకోదు. గోరువెచ్చటి నీళ్లయితే ఇంకా తొందరగా బిగుస్తుంది. వాడదలిస్తే చల్లటి నీళ్లతో, గుప్పెడు చొప్పున కలుపుకోవాలి. మిగిలింది సింకులో మాత్రం పొయ్యకండి, గొట్టంలోనూ బిగుస్తుంది.

ఇసుక కలపమని చాలామంది చెబుతారు. ఇసుకలో ఉండేది ప్రధానంగా క్వార్ట్జ్, మోస్ కొలతలో దాని గట్టిదనం 7. సుద్దది 3. శాండ్‌పేపర్ పట్టినప్పుడు చుట్టూ ఉన్న రంగు అరిగిపోయి ఇసుక రేణువులు మాత్రం ముళ్లలా నిలబడతాయి. ముంజేయి ఆనించే బల్లకు అలాంటి గరుకు ఎందుకు? ఇక సముద్రం అనగానే నిజంగా ఉప్పే కలిపేవాళ్లూ ఉన్నారు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది, మేకులను, కీళ్లను తుప్పు పట్టిస్తుంది. సముద్రం చేసే చెడునంతా ఇంట్లోకి తెచ్చుకోవక్కర్లేదు.

చివరికి నేను నిలిచింది సుద్దపొడి దగ్గర, అంటే కాల్షియం కార్బొనేట్. అది నీళ్లలో దాదాపు కరగదు, దానంతట అది బిగుసుకోదు, అరగదీస్తే మెత్తగా అరుగుతుంది. ఒక కప్పు మెరుపు లేని ఎమల్షన్‌కు దాదాపు ఒక కప్పు జల్లించిన సుద్దపొడి, రెండు చెంచాల తెల్ల జిగురు. చెక్క పనికి వాడే జిగురే ఇది. పొడి వల్ల తగ్గిన పట్టును ఇది కొంత తిరిగి ఇస్తుంది. పొడిని నేరుగా రంగులో పొయ్యకుండా ముందు కొద్ది నీళ్లతో ఉండలు లేకుండా ముద్ద చేసుకుని, ఆ ముద్దలో రంగును కొంచెం కొంచెంగా కలిపాను. పుల్లతో ఎత్తితే మొన తేలి, ఆ మొన వంగకుండా నిలవాలి. అది మొదటి పూతకు. రెండో పూతకు అదే మిశ్రమాన్ని నీళ్లతో గరిటజారుగా పలచన చేసుకుంటే చాలు. పొడి జల్లించేటప్పుడు మాస్కు పెట్టుకోవడం మంచిది, సుద్ద గాల్లో చాలాసేపు తేలుతుంది.

చెక్కను సిద్ధం చేయడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పాత వార్నిష్‌ను 120 నంబరు శాండ్‌పేపర్‌తో తీసి, దుమ్ము తుడిచాను. నా బల్లకు ఉన్నది వార్నిష్ మాత్రమే. మీ వస్తువు మీద దశాబ్దాల నాటి రంగు ఉంటే దాన్ని పొడిగా గీకకండి, అందులో సీసం ఉండొచ్చు. అమెరికా లాంటి చోటే ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం.

ఈ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది చెక్కను బూడిద రంగులోకి తిప్పడం. రంగు ఊడిన చోట లోపలి నుంచి పచ్చటి కొత్త చెక్క కనిపిస్తే నాటకం అక్కడే బయటపడుతుంది. అందుకని సన్న ఉక్కు పీచును సబ్బుతో కడిగి నూనె వదిలించి, గాజు సీసాలో వెనిగర్‌లో ముంచి ఒకట్రెండు రోజులు వదిలేశాను. మూత గట్టిగా బిగించకూడదు, లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఇనుము కరిగి ఇనుప అసిటేట్ అవుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి పెట్టుకుని, ముందు చెక్క మీద చిక్కటి టీ డికాక్షన్ పూసి ఆరనిచ్చాను. టీకి వగరునిచ్చే టానిన్లకూ ఇనుముకూ పడితేనే ఆ నలుపు వస్తుంది. కలపలోనే టానిన్లు దండిగా ఉంటే టీ అవసరం లేదు.

సీసాలో నీళ్లు చూడటానికి ఏమంత గొప్పగా ఉండవు, కాస్త మురికి రంగు, అంతే. బ్రష్‌తో చెక్క మీద గీస్తే మొదట తడి మరక మాత్రమే కనిపిస్తుంది. కాసేపటికి గీత అంచుల్లో సన్నటి నీలి నీడ మొదలవుతుంది, ఆ నీడ చెక్క చారల వెంట పాకుతుంది, చూస్తుండగానే పలక మొత్తం వాన మబ్బు రంగుకు తిరుగుతుంది. చారల్లో మెత్తటి భాగం ఒకలా, గట్టి భాగం ఇంకోలా రంగు పీల్చుకోవడంతో చెక్కకు నిజంగానే వయసు వచ్చినట్టుంటుంది. ఇక్కడితో ఆపేసి మైనం పూసి వాడుకుందామా అన్న ఆలోచన కూడా వచ్చింది.

దీని మీద నేరుగా తెల్ల ఎమల్షన్ వేస్తే టానిన్ల మరకలు పైకి తేలి పసుపు చారలు పడతాయి. మధ్యలో ఒక పలచటి షెల్లాక్ పూత, అంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క, వేస్తే ఆ మరకలు ఆగిపోతాయి. పైగా తర్వాత అరగదీసేటప్పుడు ఆ బూడిద రంగుకు అది కాపలా కాస్తుంది. ఆ రంగు చెక్క పైపైనే ఉంటుంది, రెండు పట్లు గట్టిగా రుద్దితే చాలు, కింద నుంచి పచ్చి చెక్క బయటపడుతుంది.

షెల్లాక్ ఆరాక కొవ్వొత్తి పట్టుకుని బల్ల చుట్టూ తిరిగాను. మైనం రుద్దిన చోట రంగు పట్టదు, తర్వాత గీకగానే పెచ్చుగా లేచి వస్తుంది. ఎక్కడ రుద్దాలన్నది ఇక్కడే తేల్చుకోవాలి. కాళ్ల అడుగు భాగం, సొరుగుల కింది అంచు, పిడుల చుట్టూ, మూలలు, పలకల చివర్లు. మిగతా చోట్ల కావాలనే వదిలేశాను. అంతటా సమానంగా రుద్దాలని చెయ్యి తెగ లాగుతుంది, దాన్ని ఆపుకోవడమే కష్టం.

మొదటి పూత చిక్కటిది, రంగు ముదురు నీలి బూడిద. డబ్బాలోని నీలం మరీ తాజాగా కనిపిస్తే చిటికెడు నారింజ రంగు కలిపితే దాని పొగరు తగ్గుతుంది. గట్టి వెంట్రుకల చవక బ్రష్‌తో గియ్యకుండా పొడుచుకుంటూ అద్దాను, అదీ చారల దిశలోనే. ఎండావానకు చెక్కలో ముందు మెత్తటి చారలు అరిగి, గట్టి చారలు గట్లలా మిగులుతాయి. గరుకు కూడా ఆ వరసనే నడిస్తే కంటికి అబద్ధం అనిపించదు. పైభాగంలో పలచగా, కిందికొచ్చే కొద్దీ మందంగా వేశాను. తడి మెరుపు పోయి, మొనలు వేలికి అంటనప్పుడు ప్లాస్టిక్ పుట్టీ బ్లేడును వాలుగా పట్టి తేలిగ్గా లాగాలి. మొనలు పడుకుని చదునైన మచ్చలవుతాయి, మధ్యలో గుంటలు మిగులుతాయి. తొందరపడితే మొత్తం చెదిరిపోతుంది, ఆలస్యమైతే మొనలు విరిగి రాలుతాయి. పక్కనున్న ప్లైవుడ్ ముక్క మీద అదే పూత వేసి పెట్టుకుంటే ముందు దాని మీద లాగి చూసుకోవచ్చు.

రాత్రంతా ఆరాక, పలచన చేసిన రెండో పూత వేశాను. మట్టి గోధుమ రంగు ఒక్క చుక్క కలిపిన తెలుపు అది. బ్రష్ దాదాపు ఆరిపోయేంత తక్కువ రంగుతో, గుంటల్లోకి దిగకుండా ఎత్తుల మీద నుంచే లాగాను. నీలం గుంటల్లో నిలిచింది.

అరగదీయడం మొదలెట్టేసరికి అమ్మ వచ్చి చూసి, "ఏమే, రంగు వేసిందీ నువ్వే, గీకేదీ నువ్వేనా?" అంది. జవాబు చెప్పకుండా ఒక శాండ్‌పేపర్ ముక్క చేతికిచ్చాను. మైనం ఉన్న చోట పుట్టీ బ్లేడు మూల ఆనించగానే పెచ్చు లేచి, కింద బూడిద రంగు చెక్క కనిపించింది. "అయ్యో, నిజంగానే పాత బల్లలా ఉందే" అని అమ్మ ఇంకో మూల తనే అందుకుంది. ఆమెను ఆపడానికే ఎక్కువ కష్టపడ్డాను. ఎత్తుల మీద 220 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దితే తెలుపు కింద నీలం తొంగిచూస్తుంది. పిడుల చుట్టూ మాత్రం కాగితం వాడలేదు. సుద్ద ఎక్కువున్న రంగు పూర్తిగా గట్టిపడక ముందు తడిగుడ్డకు కరిగి వస్తుంది, చేతి అరుగుదల లాంటి మెత్తటి అంచు దానితోనే వస్తుంది, దుమ్మూ లేవదు. ఇంత చేసి రెండడుగులు వెనక్కి నిలబడి చూడాలి. దగ్గరగా చూస్తూ గీకేవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియదు.

చివరి రక్షణ పూతకు ముందు మైనం మిగిలిన చోట్లను టర్పెంటైన్ గుడ్డతో తుడిచాను, లేకపోతే నీటి ఆధారిత వార్నిష్ అక్కడ నిలవదు. ఆయిల్ వార్నిష్ తెలుపును క్రమంగా పసుపు పట్టిస్తుంది, అందుకే నీటి ఆధారిత మ్యాట్ రకమే తీసుకుని రెండు పలచటి పూతలు వేశాను. మైనమే పూస్తే స్పర్శ బాగుంటుందిగానీ గుంటల్లో ఇరుక్కుని తెల్లటి ముద్దలవుతుంది. ముదురు రంగు మైనమైతే ఆ ఇరుక్కోవడమే మురికి పట్టినట్టు అందంగా ఉంటుంది. సొరుగుల ముఖాలకు వార్నిష్ మీద దాన్నే కొద్దిగా రుద్దాను.

బల్ల పైపలకకు గరుకు వెయ్యలేదు. కప్పులు, పుస్తకాలు పెట్టే చోట గుంటలుంటే తుడవడం నరకం. బూడిద చెక్క మీద పలచటి తెలుపు, వార్నిష్ మూడో పూత, అంతే. తాకితే గంటలో ఆరినట్టే అనిపించినా, పొర లోపలి దాకా గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అన్నాళ్లూ దాని మీద బరువులు పెట్టొద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. మిగిలిన సుద్ద మిశ్రమం మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంది. అడుగున పేరుకున్న సుద్దను పుల్లతో కదిపి, నాలుగు చుక్కల నీళ్లు వేస్తే మళ్లీ వాడకానికి వస్తోంది. స్టూలు ఒకటి తనకు కావాలంటూ అమ్మ అప్పుడే పక్కన పెట్టుకుంది.