64 సెంటీమీటర్ల అడవి

మంగళవారం, రాత్రి పదిన్నర

రెండు వారాలుగా నన్ను పట్టి పీడించిన చొక్కా ఈరోజు సాయంత్రం మొదటిసారి గుడ్డలా కనిపించింది. మేము తయారుచేస్తున్న వీడియో ఆటలో కథానాయిక ఒక కల్పిత అటవీ దళానికి చెందిన మనిషి. ఆమె తిరిగేది ఎండాకాలపు నల్లమలను పోలిన అడవి. నిన్నటిదాకా ఆమె చొక్కా మీది కామఫ్లాజ్ మచ్చలు, అంటే మనిషిని అడవిలో కలిపేసే మచ్చలు, ఒక కుట్టు నుంచి మరో కుట్టుకు ఎక్కడా తెగకుండా సాగిపోయేవి. రంగులు కుదిరాయి, మచ్చల ఆకారాలూ కుదిరాయి, అయినా ఆమె చొక్కా తొడుక్కున్నట్టు కాక ఒంటికి రంగు పూసుకున్నట్టు ఉండేది. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు.

ఇన్నాళ్ళూ తెర మీద ఫొటోలు చూసి పనిచేశాను గానీ, ఆ గుడ్డను ఒక్కసారైనా చేత్తో పట్టుకోలేదన్న సంగతి నిన్న రాత్రి తట్టింది. అందుకని ఈరోజు ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, ప్యారడైజ్ స్టేషన్‌లో మెట్రో దిగి జనరల్ బజారుకు వెళ్ళాను. పిల్లల ప్యాంట్లకూ సంచులకూ కొనుక్కుపోయే మచ్చల డ్రిల్ గుడ్డ మీటరున్నర కోయించుకున్నాను. సైన్యం వాడే నమూనా కోసం అడగలేదు. 2022 జనవరి 15న ఆర్మీ డే నాడు ప్రదర్శించిన కొత్త యుద్ధ దుస్తులను జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) సహకారంతో రూపొందించారు, ఆ నమూనా మీద హక్కులను సైన్యం తన పేర నమోదు చేయించుకుంది. చట్టం మాట అలా ఉంచినా, నిజమైన సైనికులకు గుర్తింపైన వస్త్రాన్ని ఆటలోని పాత్రకు తొడగడం నాకు సమ్మతం కాదు. మా దళం కల్పితమైనప్పుడు దాని గుడ్డ కూడా కల్పితమే కావాలి.

కొట్లో తానును బల్ల మీద పరిపించి టేపు పెట్టాను. కుక్క తలను పోలిన ముదురు గోధుమరంగు మచ్చ ఒకటి గుర్తుపెట్టుకుని, పొడవునా దాని జంట ఎక్కడ వస్తుందో వెతికితే, సరిగ్గా 64 సెంటీమీటర్ల దగ్గర దొరికింది. రోటరీ స్క్రీన్ ముద్రణలో రంగును గుడ్డ మీదికి దింపే స్థూపం చుట్టుకొలత సాధారణంగా అంతే ఉంటుంది. స్థూపం ఒక చుట్టు తిరగగానే అదే అడవి మళ్ళీ మొదలవుతుంది. ఫొటోషాప్‌లో బొమ్మను సగం దూరం పక్కకు జరిపి, నడిమధ్యకు వచ్చిన అతుకును నేను ఎంత శ్రద్ధగా చెరుపుతానో, ఆ స్థూపానికి నమూనా గీసినవారూ మొదలూ చివరా కలిసే చోటును అంతే శ్రద్ధగా మాయం చేసి ఉండాలి. తెలియని ఆ పనివారి మీద నాకు గౌరవం కలిగింది. నా టైల్‌ను, అంటే చొక్కా అంతటా పదేపదే పరిచే మచ్చల బొమ్మను కూడా 64 సెంటీమీటర్లకే స్థిరపరచాలని అక్కడే నిర్ణయించుకున్నాను. 2048 పిక్సెళ్ళ బొమ్మకు లెక్క కూడా కచ్చితంగా కుదురుతుంది: సెంటీమీటరుకు 32 పిక్సెళ్ళు.

ఆ తరువాత రెండు సందుల అవతల యూనిఫాంలు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాను. “కాకా, ఈ గుడ్డతో చొక్కా కుడితే కుట్ల దగ్గర మచ్చలు కలుపుతారా?” అని అడిగాను. ఆయన గుడ్డను రెండు వైపులా తిప్పి చూసి, “గళ్ళ గుడ్డ అయితే కలుపుతం గానీ దీనికెందుకు బిడ్డా? పడుగు నిలువుగుంటే చాలు, మాలు ఆదా అయ్యేటట్టు ముక్కలు పరుచుకుంటం” అన్నారు. అంతటితో ఊరుకోక సుద్దముక్క తీసుకుని వీపు, రెండు ముందు భాగాలు, చేతులు, కాలరు గీసి, మిగిలిన మూలల్లో జేబులను ఇమిడ్చి చూపించారు. జేబు ముక్క పడిన చోట గుడ్డ దాదాపు అంతా నలుపు. అది వెళ్ళి కూర్చోవలసిన రొమ్ము భాగం లేత ఇసుక రంగు. నిజమైన చొక్కాలో జేబు జేబుగా కనిపించేది ఆ తేడా వల్లనే. నేను రెండు రోజులు కూర్చుని, జేబు మీది మచ్చను చొక్కా మీది మచ్చతో అంగుళం అంగుళం కలిపి, ఆ తేడానే తుడిచేశాను.

మధ్యాహ్నం మాదాపూర్ ఆఫీసులో ఆ రెండు రోజుల పనినీ తీసేశాను. మచ్చలను పాత్ర శరీరం మీద నేరుగా పరిచే పద్ధతి మానేసి, యూవీలో, అంటే పాత్ర ఉపరితలాన్ని విప్పి చదునుగా పరిచిన పటంలో, ఒక్కొక్క ముక్కను కాకా బల్ల మీది ముక్కలాగే పరిచాను. పడుగు నిలువుగా ఉండాలి, అన్ని ముక్కలకూ కొలత ఒకటే ఉండాలి. ఆ రెండు నియమాలు తప్ప, ఏ ముక్క టైల్‌లో ఎక్కడ పడుతుందో పట్టించుకోలేదు. చేతి ముక్కలో పడుగు చేతి పొడవునా సాగుతుంది గనుక, ఆమె మోచెయ్యి మడిచినప్పుడు మచ్చ కూడా దానితోపాటే మడతపడింది. బొత్తాల పట్టీని వేరే చోటు నుంచి తీసుకున్నాను. మూడు గంటల్లో చొక్కాకు ప్రాణం వచ్చింది.

నేతను మాత్రం ఆ టైల్‌లో కలపలేదు. మిల్లీమీటరుకు మూడు పిక్సెళ్ళు మాత్రమే ఉన్నచోట ట్విల్ నేతలోని సన్నని ఐమూల గీతలు నిలవవు, కెమెరా కదిలితే అల్లల్లాడుతూ మెరుస్తాయి. నాలుగు సెంటీమీటర్ల గుడ్డకు 512 పిక్సెళ్ళతో విడిగా ఒక నార్మల్ మ్యాప్ (చదునైన చోట ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే బొమ్మ) చేసి, కెమెరా దగ్గరికి వచ్చినప్పుడే అది కనిపించేలా పెట్టాను.

రంగుల్లో సరిదిద్దవలసి వచ్చింది నలుపు ఒక్కటే. తునికి చెట్టు బెరడును తలచుకుని నేను ఎంచుకున్న నలుపు విలువ, 0 నుంచి 255 దాకా ఉండే లెక్కలో, 18. మసిబారిన గుడ్డ కూడా కొంత వెలుగును తిరిగి ఇస్తుంది. మూల రంగు 30 కంటే దిగితే వెలుగు నిలవడానికి చోటుండదు, ఆ మచ్చలో పడిన ముడతలన్నీ మాయమవుతాయి. 46కు పెంచగానే చంక దగ్గరి మడతలు బయటపడ్డాయి. నేలరంగుగా వాడినది ఖాకీ. ఉర్దూలో ఖాక్ అంటే దుమ్ము. 1846లో పెషావర్‌లో ఏర్పడిన బ్రిటిష్ వారి గైడ్స్ దళం ఆ దుమ్ము రంగునే తొడుక్కుంది. ఈ ఊళ్ళో ఆ మాటను రోజూ వింటూ పెరిగిన నాకు, పేరులోనే నేల ఉన్న ఆ రంగును నేలగా పరచడం తృప్తినిచ్చింది.

సాయంత్రం పాత్రను ముప్పై మీటర్ల దూరంలో నిలబెట్టి చూశాం. దూరం పెరిగేకొద్దీ ఆటను నడిపే ఇంజిన్ టెక్స్చర్‌ను, అంటే పాత్ర మీద పరిచిన బొమ్మను, 1024 పిక్సెళ్ళకు, 512కు, ఇంకా కిందికి సగం సగంగా కుదిస్తూ పక్కపక్క రంగులను కలిపేస్తుంది. దానితో నా మచ్చలన్నీ ఒక్కటై చొక్కా మొత్తం బురద రంగుకు తిరిగింది. మనిషి కంటికీ దూరాన జరిగేది ఇదే. 1948లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల పరిశోధనశాలలో రూపొందిన నమూనాను 60 శాతం పెంచి 1981 నాటి వుడ్‌ల్యాండ్ అనే మచ్చల నమూనాను చేశారు, ఎందుకంటే మచ్చ పెద్దదైతే ఎక్కువ దూరం వరకు విడిగా నిలుస్తుంది. 2002లో అమెరికా మెరైన్లు తీసుకున్న చదరపు చుక్కల నమూనాలో చిన్న చుక్కలు దగ్గరి చూపు కోసం, అవన్నీ కలిసి ఏర్పడే పెద్ద మచ్చలు దూరపు చూపు కోసం. నా మచ్చలన్నీ ఇంచుమించు అయిదు సెంటీమీటర్లవే కావడంతో అటూ ఇటూ కాకుండా పోయాయి. కొన్నిటిని పాతిక సెంటీమీటర్లకు పెంచి, వాటి అంచుల్లో రెండు సెంటీమీటర్ల తునకలు చల్లాను. ఇప్పుడు దూరాన ఆమె భుజం ఒక రాయిలా, నడుము ఒక నీడలా విడిపోతున్నాయి. ఆడేవారికి ఆమె ఎక్కడుందో తెలియాలి కదా అని మా టీం లీడ్ అడిగారు. ఆ మాటలో న్యాయముంది. వీపు మీది సంచిని మచ్చలు లేకుండా లేత రంగులో ఉంచాను.

మిగిలింది అరుగుదల. పోచంపల్లి ఇక్కత్‌లో రంగు నేతకు ముందే దారంలోకి ఇంకుతుంది. ఈ గుడ్డ మీద రంగు పైన మాత్రమే ఉంది, వెనక్కి తిప్పితే వెలవెలబోతోంది. అంటే మోచేయి దగ్గర అరిగితే మచ్చ ముదరదు, తెల్లబడుతుంది. నేను ఇంతకుముందు వేసిన అరుగుదల పొర దీనికి సరిగ్గా తలకిందులు. ఇంటికి వచ్చాక చేతిరుమాలంత ముక్క కోసి, నాలుగుసార్లు సబ్బుపెట్టి ఉతికి, ఒక మూలను గరుకు కాగితంతో రుద్దాను. నల్ల మచ్చ మధ్యలో దారం లోపలి తెలుపు బయటపడింది. ఇప్పుడది బాల్కనీలో తీగ మీద ఆరుతోంది. రేపు పొద్దున ఎండ ముదరకముందే ఫొటో తీయాలి.