తొక్కింది 407, తోసింది 14: స్పితిలో పదకొండు రోజులు

విశాఖలో సైకిల్ పట్టిన నాలుగేళ్ల నుంచి నా నోట్‌బుక్‌లో ఒకటే గడి ఉండేది: ఎన్ని కిలోమీటర్లు తొక్కాను. ఈ సెప్టెంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు సైకిల్ మీద వెళ్లినప్పుడు పక్కన ఇంకో గడి గీయాల్సి వచ్చింది: దిగి ఎంత దూరం తోశాను. మొదటి మూడు రోజులు అందులో ఉన్నదానికంటే తక్కువే రాశాను. తర్వాత దిద్దుకున్నాను కాబట్టి ఇక్కడున్నవి అసలు లెక్కలే.

ముందు నాలుగు నెలల సాధన గురించి. వారం మధ్యలో రెండుసార్లు సింహాచలం కొండ, ఆదివారం శృంగవరపుకోట దాటాక మొదలయ్యే అనంతగిరి ఘాట్. కాళ్లకు అది సరిపోయింది. ఊపిరికి మాత్రం సముద్రం ఒడ్డున కూర్చుని చేయగలిగింది పెద్దగా లేదు. 4,500 మీటర్ల ఎత్తులో మనకు అందే ఆక్సిజన్ ఇక్కడ అందేదాంట్లో 57 శాతం దాకానే ఉంటుంది. అందుకే ట్రిప్ ఎంచుకునేటప్పుడు నేను ముఖ్యంగా చూసింది, దారి ఎటునుంచి ఎటు అని. మనాలి నుంచి మొదలయ్యేవి చవక, రోజులూ తక్కువ. కానీ 2,050 మీటర్ల మనాలి నుంచి ఒకట్రెండు రోజుల్లోనే 4,250 మీటర్ల చంద్రతాల్ దగ్గర గుడారంలో పడుకోబెడతాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది డాక్టర్లు చెప్పే లెక్క. మేం సిమ్లా వైపు నుంచి, కిన్నౌర్ మీదుగా వెళ్లాం. నాకో అనే ఊళ్లో ఈ లెక్క కొంచెం తప్పుతుంది, మర్నాడు టాబోకి దిగడంతో సర్దుకుంటుంది.

ఎత్తు పడక వచ్చే జబ్బుకి ముందుజాగ్రత్తగా వాడే డయామాక్స్ మాత్రలు మా డాక్టర్‌ని అడిగే వేసుకున్నాను. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్ల చివర తిమ్మిర్లు వస్తాయి, రాత్రి రెండుసార్లు బయటికి పరుగెత్తాల్సి వస్తుంది. చలిలో ఆ రెండోది చిన్న కష్టం కాదు.

రోజు 1, కల్పా (2,960 మీ.). సైకిల్ పెట్టె విప్పగానే గుండె జారింది. విమానంలో ఎక్కడ పడేశారో గానీ వెనక గేర్లు మార్చే డెరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క, హ్యాంగర్, వంగిపోయింది. గేరు మారిస్తే చైన్ స్పోకుల్లోకి దూకేలా ఉంది. హ్యాంగర్ ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, ఊళ్లో దొరకదు, గైడ్ దగ్గరా ఉండదు. స్పేర్ ఒకటి తెచ్చుకున్నాను కాబట్టి బతికిపోయాను. అరచేతిలో సగం లేని ఆ అల్యూమినియం ముక్క లేకపోతే ఈ పదకొండు రోజులూ సామాన్ల జీపులో కూర్చుని కిన్నౌర్ యాపిల్స్ తింటూ గడిపేవాణ్ణి. సాయంత్రం ఊపిరి అలవాటు కోసం రోఘీ దాకా వెళ్లొచ్చాం, 14 కి.మీ. ఒక పక్క లోయ నిట్టనిలువుగా పడిపోతుంది. ఎదురుగా కిన్నర్ కైలాస్.

మేం ఆరుగురం, గైడ్ ఒక్కడు. పాతికేళ్లుంటాయి, ఆ చుట్టుపక్కల ఊరివాడే. మొదటి రోజే నన్ను చూసి "ఆరామ్ సే (నిదానంగా), అంకుల్‌జీ" అన్నాడు. నాకు నలభై మూడు. ఆ అంకుల్ అన్న మాటకే రెండో రోజు అవసరం లేని చోట కూడా గట్టిగా తొక్కాను.

దానికి మూల్యం మూడో రోజు చెల్లించాను. పూహ్ నుంచి నాకో, 41 కి.మీ., తోసింది 2.5 (నోట్‌బుక్‌లో అప్పుడు రాసింది 1). ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడ వంతెన దాటాక రోడ్డు కొండను పట్టుకుని మెలికలు తిరుగుతూ నాకో దాకా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కుతుంది. చెట్టన్నది లేదు. పదిన్నరకే రాళ్లు కాలిపోతున్నాయి, నీడలోకి పోతే చలి. మొదటి ఐదు మెలికలు అనంతగిరిలో తొక్కినట్టే తొక్కాను. ఆరోదానికి కళ్ల ముందు చుక్కలు. దిగి హ్యాండిల్ మీద తల పెట్టుకుని నిలబడితే వెనక నుంచి వచ్చిన లారీ డ్రైవర్ కూడా బండి ఆపి నీళ్లు కావాలా అని అడిగాడు. రాత్రి నాకోలో (3,660 మీ.) తలనొప్పి. రెండు గిన్నెలు తుక్పా (నూడుల్స్ సూప్) తాగి ఎనిమిదికే పడుకున్నాను.

నాకో నుంచి టాబో 64 కి.మీ. మలింగ్ నాలా (కొండవాగు) దగ్గర కొండచరియల భయంతో అందరం దిగి గబగబా నడిచాం, అది 0.4. సుమ్దో దాటితే స్పితి. టాబో నుంచి కాజా మర్నాడు 47 కి.మీ., ఒక్క అడుగూ తోయలేదు. టాబో బౌద్ధ ఆరామం క్రీ.శ. 996 నాటిది. బయటికి ఉత్త మట్టి గోడలు. లోపలి రంగులు చూడాలంటే ముందు కళ్లు చీకటికి అలవాటు పడాలి.

ఆరో రోజు కాజాలో విశ్రాంతి. చైన్ కడిగాను, బట్టలు ఉతికాను, ఏటీఎంలో డబ్బు తీసుకున్నాను. ఆ తర్వాత మనాలి దాకా చేతిలో నోట్లు ఉండాల్సిందే.

రోజు 7. కాజా, లాంగ్జా, హిక్కిమ్, కోమిక్, మళ్లీ కాజా. 45 కి.మీ., తోసింది 4. నోట్‌బుక్‌లో లెక్క మారింది ఈ రోజే. లాంగ్జా ఎక్కుడులో నేను మొండిగా తొక్కుతున్నాను, పెడళ్ల దగ్గర 32 పళ్ల చైన్‌రింగ్, వెనక చక్రానికి 51 పళ్లు, అంతకంటే తేలిక గేరు లేదు. ముందు పోతున్న గైడ్ ఉన్నట్టుండి దిగి నడవడం మొదలుపెట్టాడు. పంక్చర్ అనుకున్నాను. కాదట. "నేను అరగంటకు ఒకసారి ఐదు నిమిషాలు తోస్తాను. ఆయాసం రాకముందే దిగాలి, వచ్చాక దిగితే పావుగంట పోతుంది" అన్నాడు. ఏడు రోజులుగా అతని వెనకే ఉన్నాను, ఒక్కసారీ గమనించలేదు. బహుశా నేను ముందు చక్రం కిందే చూస్తూ ఉండటం వల్ల. అప్పటినుంచి వాచీలో పాతిక నిమిషాల అలారం పెట్టుకున్నాను. కోమిక్ (4,587 మీ.) చేరేసరికి తల నొప్పి లేదు, ఆకలి ఉంది. నాకు అదే పెద్ద వింత.

హిక్కిమ్ పోస్టాఫీసు నుంచి అమ్మకు కార్డు వేశాను. నేను ఇల్లు చేరిన తర్వాత చేరింది.

టైరు గాలి గురించి ఒక ముక్క. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలిది అలాగే ఉంటుంది. కల్పాలో గేజీలో 24 పీఎస్‌ఐ పెట్టిన టైరు కోమిక్‌లో మధ్యాహ్నం 26 చూపించింది. 2.35 అంగుళాల ట్యూబ్‌లెస్ టైరుకి గులకరాళ్ల మీద ఆ రెండు పాయింట్ల తేడా మణికట్లకు బాగానే తెలుస్తుంది. దించి 22కి తెచ్చాను. అలలు వెళ్లిపోయాక తడి ఇసుక మీద మిగిలే గీతల్లాంటి గతుకుల మీద అప్పుడు గానీ పళ్లు కొట్టుకోవడం ఆగలేదు.

కిబ్బర్‌లో ఓ ఇంట్లో బస. అంత ఎత్తులో నీళ్లు 86 డిగ్రీల లోపే మరిగిపోతాయి కాబట్టి కుక్కర్ లేకుండా అన్నం ఉడకదు. ఆ ఇంటావిడ ఐదు కూతలు వేయించింది. నేను మోసుకొచ్చిన కందిపొడి, వాళ్ల వెన్న. ఆరుగురికీ డబ్బా ఖాళీ అయింది, మిగతా మూడు రోజులూ నాకు లేదు. మర్నాడు చిచమ్ వంతెన మీదుగా లోసర్.

రోజు 10. లోసర్, కుంజుమ్, బాతల్. 31 కి.మీ., తోసింది 3.2, అందులో మూడు వంతులు అలారం మోగినప్పుడు దిగి తోసిందే. కుంజుమ్ కనుమ (సుమారు 4,590 మీ.) మీద అమ్మవారి గుడి చుట్టూ బళ్లన్నీ ఒక ప్రదక్షిణ చేసి పోతాయి. మేమూ సైకిళ్ల మీదే తిరిగాం. అటు దిగుడు పన్నెండు కిలోమీటర్లూ మెలికలు, దుమ్ము, జారే రాళ్లు. సగంలో వెనక బ్రేకు కీచుమంది, ఇంకాసేపటికి గరగర. సైకిల్‌తో వచ్చిన రెజిన్ ప్యాడ్లు ఇనుప పళ్లెం దాకా అరిగిపోయాయి. బాతల్ ధాబాలో టీ చల్లారేలోపు ప్యాడ్లు మార్చాను. ఈ దారికి సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) ప్యాడ్లు వేసుకురండి, ఇంకో జత సంచిలో ఉంచండి. దిగుతూ బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచకుండా, గట్టిగా పట్టి వదులుతూ పోవడం కూడా నాకు ఆ రోజే అలవాటైంది. అనంతగిరి తారు రోడ్డు మీద ఆ అవసరమే రాలేదు.

చివరి రోజు బాతల్ నుంచి ఛత్రూ, 32 కి.మీ. పేరుకు జాతీయ రహదారి 505, చూస్తే చంద్రా నది వదిలేసిన బండరాళ్ల బాట. ఎండెక్కితే మంచు కరిగి నాలాలు పొంగుతాయి, అందుకని ఆరింటికే బయలుదేరాం. నాలా దగ్గర మేజోళ్లు విప్పి, ఉత్త బూట్లతో, సైకిల్ ప్రవాహానికి ఎగువన పెట్టుకోకుండా దిగువన పట్టుకుని దాటాలి. ఎగువన ఉంటే నీళ్లు దాన్ని మన కాళ్ల మీదికి తోస్తాయి. ఇది నాకు రెండో నాలాలో మోకాలు కొట్టుకున్నాక తెలిసింది. ఆ వేళ తోసింది 2. ఛత్రూలో సైకిళ్లు జీపు మీదికి ఎక్కించి, అటల్ సొరంగం గుండా సాయంత్రానికి మనాలి చేరాం.

ఇంటికొచ్చాక 30 పళ్ల చైన్‌రింగ్ తెప్పించి బిగించాను. మోకాలు ఇంకా కొంచెం సలుపుతోంది కాబట్టి ఘాట్ ఎక్కడం వచ్చే నెలకు వాయిదా.