ఖాళీగా వదిలేసిన గడి

మా ఆవుకి వెనక కుడి చన్ను మూడోసారి వాచినప్పుడు డాక్టర్ గారు మందు రాయలేదు. "ముందు పాలు ల్యాబ్‌కి పంపుదాం అమ్మా, మందు సంగతి తర్వాత" అన్నారు. నాకు ఒళ్లు మండింది. పొదుగు అటువైపు రాయిలా ఉంది, పితికితే తరకలు పడుతున్నాయి, ఇప్పుడు పరీక్షలేంటి? చన్నులోకి ఎక్కించే ట్యూబులతో రెండుసార్లూ వారంలో తగ్గిందిగా, అవే మళ్లీ ఎక్కిస్తే సరిపోదా? "తగ్గితే మూడోసారి ఎందుకొచ్చింది?" అన్నారాయన. జ్వరం లేదు, మేత మానలేదు కాబట్టి ఒకట్రెండు రోజులు ఆగొచ్చట. అదే ఆవు లేవలేని స్థితిలో ఉంటే శాంపిల్ తీసి, రిపోర్టు కోసం చూడకుండా వైద్యం మొదలుపెట్టేవారట.

మొదటి శాంపిల్ నేనే పాడుచేశాను. కడిగిన సీసాలో మామూలుగా పితికి పంపేశాను. నాలుగు రకాల బ్యాక్టీరియా పెరిగాయని, శాంపిల్ కలుషితమైందని, మళ్లీ పంపమని కబురొచ్చింది. పేడలోదో, నా చేతిదో, సీసాదో, ఏది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

రెండోసారి డాక్టర్ గారు పక్కన నిలబడి చేయించారు. పొదుగు తడి లేకుండా తుడవాలి. మొదటి మూడు నాలుగు ధారలు పారబోయాలి. స్పిరిట్ దూదితో చన్ను కొన రుద్దాలి, దూదికి మురికి అంటడం మానేదాకా. ల్యాబ్ వాళ్లిచ్చిన ట్యూబు నిలువుగా పెడితే పైనుంచి దుమ్ము రాలుతుందని, ఏటవాలుగా పట్టుకోమన్నారు. మూత కింద పెట్టకూడదు, దాని లోపలి వైపు తాకకూడదు. పాలు కొద్దిగా చాలు, కానీ వెంటనే ఐసులో పెట్టాలి. పది నిమిషాల పని. ఆవు రెండుసార్లు తన్నింది, అది వేరే సంగతి.

దాంతోపాటు ఒక ఫారం. ఏ జంతువు, వయసెంత, ఏం జబ్బు, ఎన్ని రోజుల నుంచి. చివర్లో 'ఇంతకుముందు వాడిన యాంటీబయాటిక్‌లు' అని ఒక గడి. అది ఖాళీగా వదిలేశాను.

మర్నాడే ల్యాబ్ మేడమ్ ఫోన్ చేశారు. ఏం మందులు వాడారని అడిగారు. ట్యూబులన్నాను. ఏ ట్యూబులు? నీలం మూతవి. అవతల కాసేపు మాట లేదు. ఎన్ని రోజులు, ఎవరు రాశారు అని అడిగేసరికి నా నోట్లో పచ్చివెలక్కాయ పడ్డట్టయింది. మొదటిసారి డాక్టర్ గారు రాసినవి, మూడు రోజులు. రెండోసారి మిగిలినవి రెండుంటే నేనే ఎక్కించేశాను. కాస్త తగ్గగానే ఊరుకున్నాను. కొట్టంలో వెతికి ఖాళీ ట్యూబు మీద పేరు చదివి చెప్పాను.

ఆ గడి ఎందుకంత ముఖ్యమో ఆవిడ చెప్పిన తీరు నాకు నచ్చింది. పాలల్లో మందు మిగిలి ఉంటే ఉన్న బ్యాక్టీరియా కూడా ల్యాబ్‌లో దాన్ని పెంచే ప్లేటు మీద పెరగకపోవచ్చు, అది ఒకటి. రెండోది, ల్యాబ్‌ల ఫలితాలన్నీ కలిపి, మందులకు లొంగని బ్యాక్టీరియా ఎంతుందో వేసే లెక్కలకి సంబంధించింది. మందుకి తగ్గిన జంతువుల శాంపిళ్లు ల్యాబ్‌కి రావు, తగ్గనివే వస్తాయి. మొదటిసారి జబ్బుపడ్డవాటినీ, మందులు వాడి వాడి విసిగాక పంపినవాటినీ ఒకే గంపలో పోస్తే, మందులకు లొంగని బ్యాక్టీరియా నిజంగా ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే నా ఖాళీ గడి మా ఆవు ఒక్కదాని గొడవ కాదన్నమాట.

ఫ్రాన్స్‌లో ఇలా ల్యాబ్‌ల ఫలితాలు కూడబెట్టడం 1982లో పశువులతో మొదలై, తర్వాత కుక్కలు, పిల్లులు, గుర్రాల దాకా వచ్చిందట. యూరప్ చట్టం తప్పనిసరి చేసింది ఆహారం కోసం పెంచే ఆరోగ్యమైన జంతువుల లెక్కనే. జబ్బుపడ్డవాటి లెక్క ఇలా రోగుల శాంపిళ్ల నుంచే పోగవ్వాలి. యజమాని పేరు అందులోకి వెళ్లదని చెప్పాక నా ప్రాణం కుదుటపడింది.

రిపోర్టు తీసుకోవడానికి వెళ్తే ప్లేటు చూపించారు. పలచగా పరుచుకున్న తెల్లటి పొర, దాని మీద మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు. మందు పనిచేసినచోట బిళ్ల చుట్టూ ఖాళీ వలయం. రాత్రంతా సుమారు 35 డిగ్రీల వెచ్చదనంలో ఉంచి, ఆ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పెన్సిలిన్ బిళ్ల చుట్టూ కూడా వలయం ఉంది! ఇది పనిచేస్తున్నట్టే కదా అన్నాను. అంచు చూడమన్నారు. కత్తితో కోసిన గట్టులా ఉంది. మా ఆవు పాలలో పెరిగింది స్టెఫలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్ దానికి ఉంటే అంచు అలా ఉంటుందట. ఆ ఎంజైమ్ లేకపోతే ఇసుక ఒడ్డులా మెల్లగా పలచబడుతుందట. ఆ గట్టు వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పెన్సిలిన్ పక్కన 'ఆర్', అంటే లొంగదు. మిగతావాటి పక్కన 'ఎస్', అంటే లొంగుతుంది. "అయితే ఎస్ ఉన్నది వాడితే తగ్గిపోతుంది కదా?" అంటే, "ప్లేటు మీద తగ్గింది" అన్నారావిడ. ఈ బ్యాక్టీరియా పొదుగు కండలో లోతుగా దాక్కుంటుంది, అక్కడికి మందు చేరడం కష్టం. డాక్టర్ గారూ అదే అన్నారు. అయినా ఎస్ ఉన్న మందు పూర్తి కోర్సు వాడాం. మందు ప్రభావం పోయేదాకా పాలు పారబోయాలన్నారు. దూడకి పోయొచ్చా అని అడిగాను. వద్దన్నారు. ఆ కొద్దిపాటి మందు దూడ పేగుల్లో బలహీనమైన బ్యాక్టీరియాని చంపి, లొంగనివాటికి చోటిస్తుందట. అంతకుముందు రెండుసార్లూ దూడకే పోశాను. కుక్కకీ వాటా వెళ్లింది.

చన్ను మాత్రం దక్కలేదు. నెల తర్వాత మళ్లీ తరకలు కనిపిస్తే ఆ చన్ను ఎండగట్టేశాం. ఇప్పుడు మూడింటితోనే పాలిస్తోంది, మిగతా ఆవులన్నీ అయ్యాక చివర దీన్ని పితుకుతాం.

మొన్న కుక్క చెవి వాసనొస్తూ తల విదిలిస్తుంటే ఇంట్లో ఉన్న చుక్కల మందు జోలికి పోకుండా తీసుకెళ్లాను. డాక్టర్ గారు దూదిపుల్లతో చెవిలో మురికి తీసి గాజుపలక మీద రాసి రంగు వేసేలోపు, ఎవరూ అడక్కుండానే నేను ఫారం తీసుకుని ఆ చివరి గడి నింపేశాను. మందు పేరు, తేదీ, ఎన్ని రోజులు, అన్నీ. ఆయన మైక్రోస్కోప్‌లోంచి తలెత్తి, "ఈస్ట్ అమ్మా ఇది, బ్యాక్టీరియా కాదు. యాంటీబయాటిక్ అక్కర్లేదు, ఫారం కూడా అక్కర్లేదు" అన్నారు.