మళ్ళీ బాయిడ్ బుర్రలోకి

మొన్న ఆదివారం మలక్‌పేటలో పొద్దున్నుంచీ ముసురే. పాత హార్డ్ డిస్క్ వెతికి సైకోనాట్స్ మళ్ళీ మొదలుపెట్టాను. 2005లో డబుల్ ఫైన్ కంపెనీ వాళ్ళు తెచ్చిన వీడియో గేమ్. రాజ్ అనే పిల్లాడు మనుషుల బుర్రల్లోకి దూరతాడు. ఒక్కో బుర్ర ఒక్కో లోకం.

నాకు ప్రాణం మాత్రం కాపలాదారు బాయిడ్ బుర్రే. వీధులన్నీ తాడు పేనినట్టు మెలితిరిగి ఉంటాయి. తలెత్తితే పైన ఇంకో వీధి, దాని ఇళ్ళు తలకిందులుగా. పొడుగు కోట్ల గూఢచారులు చేతిలో ఏదో ఒక వస్తువు పట్టుకుని మామూలు పనివాళ్ళలా నటిస్తుంటారు. ఒకడి దగ్గర స్టాప్ బోర్డు. మనమూ అలాంటిదే పట్టుకుంటే గానీ దారివ్వరు. చిన్నప్పుడు పగలబడి నవ్వాను. ఈసారి గుండె బరువెక్కింది. ఎవరినీ నమ్మలేని మనిషికి లోకం ఇలాగే కనిపిస్తుంది కదా!

చివర్లో మీట్ సర్కస్ అనే లెవెల్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న గేమ్‌ప్యాడ్ చేతిలో ఉన్నా, ఆ జంప్‌ల దగ్గర టెన్షన్ అప్పటిలాగే ఉంది. అప్పట్లో అన్నయ్యా నేనూ ఒకే కీబోర్డు కోసం కొట్టుకునేవాళ్ళం. రాత్రి ఒంటిగంటకి వాడికి ఫోన్ చేశాను.

"సర్కస్ దగ్గరికి వచ్చావా?" అన్నాడు, హలో కూడా అనకుండా.